తలుపు వెనక పీట

విశాఖపట్నం,
6 జులై 2025

ధర్మరాజు తాతయ్యగారికి కావ్య నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీరు "ఆయ్, ఆయ్" అంటారు. నేను అడిగింది ఒక్కటీ మీకు అందదు. ఈ వేసవి నుంచి మీ చెవులు బాగా తగ్గిపోయాయని అమ్మ చెప్పింది. "ఉత్తరం రాయవే, ఆయన నాలుగుసార్లు చదువుకుంటారు" అంది. అందుకే ఈ కవర్లు కొన్నాను. నా దస్తూరీ కోడి గీకినట్టుంటుంది, తిట్టుకోకండి.

ఎమ్మే రెండో ఏడులో థీసిస్ రాయాలి. నాది పురాతన చైనాలో చక్రవర్తుల తల్లుల గురించి. నవ్వకండి మరి. చిన్నపిల్లాడు సింహాసనం మీద ఉంటాడు. వెనక తెర. తెర వెనక తల్లి. మంత్రులు పిల్లాడికి మొక్కి సంగతి విన్నవిస్తారు, జవాబు తెర వెనక నుంచి వస్తుంది. ఇది చదవగానే నాకు మన వసారా, మధ్యగది తలుపు, ఆ తలుపు వెనక పీట మీద నానమ్మ కనిపించారు. మా మేడమ్‌కి చెబితే "ఆవిడ గురించి ముందుమాటలో రాయి" అన్నారు.

నానమ్మ పోయి ఆరు నెలలు దాటింది. నా థీసిస్ ఆవిడకే అంకితం. నాన్న వద్దంటున్నా నన్ను ఇక్కడికి చదువుకి పంపింది ఆవిడే కదా.

మీరు ఆవిడ తమ్ముడు. ముప్పై ఏళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారు. పంచాయతీ మాట్లాడుకునే వేళ మమ్మల్నెవర్నీ ఆ గదిలోకి రానిచ్చేవారు కాదు, మిమ్మల్ని తప్ప. లోపల ఎలా జరిగేదో రాయండి తాతయ్యా.

మీ కావ్య


ఇంటి దగ్గర,
17 జులై 2025

కావ్యా, తల్లీ,

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు కాదు, ఆరుసార్లు చదివాను.

నాకు రాయడం రాదు. రామచంద్రపురంలో ఎనిమిదో తరగతితో సరి. అడిగావు కాబట్టి రాస్తున్నాను.

మీ తాతగారు సర్పంచిగా ఉండగానే పోయారు. తొంభై అయిదులో. మీ నాన్న సాయిబాబుకి అప్పుడు ఇరవై మూడేళ్లు. వాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. వాడికి నలుగురిలో మాట తడబడేది. అక్క నన్ను పిలిపించింది. వచ్చాను. ఇంక వెళ్లలేదు.

ఆఫీసులో సంతకాలే. తీర్మానాలు మన వసారాలోనే. అక్క ఏడాది పాటు బయటికి రాలేదు. విధవరాలి గొంతు మగవాళ్లకి వినపడకూడదని మా పెద్దమ్మ ఆంక్ష పెట్టింది. అందుకని తలుపు వెనక కూర్చుని వక్క కోస్తూ వినేది. బయట సంగతి అడిగాక లోపల అడకత్తెర చప్పుడైతే సరే. చప్పుడు కాకపోతే వద్దు. సాయిబాబు ఆ చప్పుడు విని మాట చెప్పేవాడు. ఏడాది అయ్యాక కూడా అదే అలవాటైపోయింది. ఊరికీ అలవాటైపోయింది. చప్పుడు కోసం గంటసేపు కూర్చున్న రోజులున్నాయి.

అంతే. నేను పక్కన కూర్చునేవాణ్ణి. మంచినీళ్లు ఇచ్చేవాణ్ణి.

అన్నం వేళకి తిను.

ధర్మరాజు


విశాఖపట్నం,
30 జులై 2025

తాతయ్యగారూ,

హాస్టల్లో మీ ఉత్తరం పైకి చదివాను. అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. ఒక్క మాట లేకుండా వక్క కోసి ఊరిని ఏలడం! చైనా రాణులు కూడా ఇంత పొదుపుగా ఏలలేదు.

మీకో సంగతి చెప్పాలి. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట ఒక రాజమాత ఉండేది. కొడుకు పేరుకి చక్రవర్తి, రాజ్యం ఆవిడది. ఆ కొడుకు చిన్న వయసులోనే పోయాడు. శవం దగ్గర ఆవిడ గొల్లున ఏడ్చింది, కంట నీటిచుక్క లేదు. ఒకతను అది కనిపెట్టి మంత్రితో అన్నాడట: "పోయిన చక్రవర్తికి ఎదిగిన కొడుకు లేడు. మీరంటే ఆవిడకి భయం. ఆవిడ పుట్టింటివాళ్లకి సైన్యం అప్పగించండి, అప్పుడు చూడండి." అలాగే అప్పగించారు. అప్పుడు ఆవిడకి నిజంగా ఏడుపొచ్చింది.

అక్కడ తల్లి రాజ్యమంటే తల్లి పుట్టింటివాళ్ల రాజ్యమే. అన్నదమ్ములు సేనాపతులైపోయేవారు. మీరేంటి తాతయ్యా, ముప్పై ఏళ్లలో ఒక సైకిలైనా కొనుక్కోలేదు! అక్క రాజ్యంలో మీరు చక్రం తిప్పిందేమీ లేదా? నిజం చెప్పండి. ముందుమాటలో వేసేస్తాను.

కావ్య


ఇంటి దగ్గర,
14 ఆగస్టు 2025

కావ్యా,

ఆ రాణి కన్నీళ్లు లేకుండా ఏడ్చిందని రాశావు. మీ తాతగారి శవం దగ్గర అక్క కూడా అంతే. సాయిబాబునే నిలబెడతామని పెద్దలు మాట ఇచ్చాక లోపలికి వచ్చి గుండెలవిసేలా ఏడ్చింది. నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు. నువ్వూ రాయకు.

ఊరి సంగతి. అక్క పోయాక వసారాలో ఎవరూ కూర్చోలేదు. మొన్న ఆదివారం కూర్చున్నారు. సాయిబాబు తలుపు వెనక పీట వేయించాడు. పళ్లెంలో తమలపాకులు, వక్కలు, అడకత్తెర పెట్టించాడు. తీసెయ్యమని మీ అమ్మ అంది. వినలేదు.

కాలవగట్టు మీద బుల్లెమ్మ గుడిసె సంగతి వచ్చింది. అది పంచాయతీ స్థలం. ఎనభయ్యారు గోదావరి వరదల్లో లంకలో ఇల్లు కొట్టుకుపోతే మీ తాతగారితో చెప్పి అక్కే ఆమెని అక్కడ ఉంచింది. మొగుడు పెట్టిన తొమ్మిది కొబ్బరిచెట్లున్నాయి. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉపసర్పంచి అప్పారావుకి తన రొయ్యల చెరువులకి లారీ వెళ్లే దారి కావాలి.

తీర్మానం అయిపోయింది. దీపావళి వెళ్లాక గుడిసె తీసేస్తారు, చెట్లు కొట్టేస్తారు.

నేను వసారాలో లేను.

ధర్మరాజు


విశాఖపట్నం,
25 ఆగస్టు 2025

తాతయ్యా,

బుల్లెమ్మనా! చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే నెత్తిన తడిగుడ్డ వేసి రెండు పూటలు కూర్చున్న మనిషి. నాన్నకి ఫోన్ చేసి కడిగేశాను. ఆయన ఏమన్నారో తెలుసా?

"నేనెవర్నే కాదనడానికి? అమ్మ కోసింది. వసారాలో అందరం విన్నాం. అప్పారావు కూడా విన్నాడు. 'అమ్మగారు ఒప్పుకున్నారండి' అని ముందు అతనే దణ్ణం పెట్టేడు" అన్నారు. తరవాత ఫోన్లో ఏడ్చారు. భయంతో కాదు తాతయ్యా, సంతోషంతో. "ఏడు నెలలు ఏమీ తోచలేదే. దిక్కు లేకుండా ఉన్నాను. అమ్మ మళ్లీ వచ్చిందే" అన్నారు.

పోయినవాళ్లు వక్కలు కొయ్యరు. ఎలకో, పిల్లో, ఏదో అయ్యుంటుంది. పోనీ నానమ్మే వచ్చారనుకుందాం. తను చోటిచ్చిన మనిషిని తనే వెళ్లగొడతారా?

మనసు మళ్లించుకోవడానికి మళ్లీ పుస్తకాల్లో పడ్డాను. ఇది వినండి. చైనాలో ఒక రాజమాత చనిపోయింది. కానీ ఆవిడ తోడబుట్టినవాడు ఆవిడ పేరుతో వచ్చిన అధికారాన్ని వదల్లేదు. ఇంకో తొమ్మిదేళ్లు చక్రవర్తిని గుప్పిట్లో పెట్టుకుని తనే ఏలాడు. మీరు మాత్రం అలాంటి పనులు చెయ్యకండేం సేనాపతిగారూ!

కావ్య


ఇంటి దగ్గర,
3 సెప్టెంబరు 2025

కావ్యకి,

నీకు ఎవరు చెప్పారు?

అప్పారావు చెప్పాడా? అతను ఆవేళ తలుపు సందులోంచి చూశాడా?

ఇంక నాకు ఆ చైనా సంగతులు రాయకు. నేను జవాబు రాయను.

ధర్మరాజు


విశాఖపట్నం,
12 సెప్టెంబరు 2025

తాతయ్యగారికి,

మీ ఉత్తరం చదివి అన్నం సహించలేదు. నేను వేళాకోళానికి రాశాను. అక్క సొమ్ము తిన్నారని మిమ్మల్ని అన్నట్టు తోచిందా? కాళ్లు పట్టుకుంటాను. ఊళ్లో అందరికీ తెలుసు మీరేంటో. మీ గురించి ఇంకో మాట అనేవాడు ఎవడూ లేడు.

తరవాత ఆలోచిస్తే నాకు అర్థమైంది. అప్పారావు తలుపు సందులోంచి ఏం చూశాడని అడిగారు. అంటే ఆ గదిలో మీకు ఏదో కనిపించి ఉంటుంది. మీరు భయపడుతున్నారు. ఒక్కరూ దాచుకుని కుమిలిపోతున్నారు.

అందుకని నాన్నకి ఫోన్ చేశాను. మిమ్మల్ని అమలాపురం తీసుకెళ్లి డాక్టరుకి చూపించమని, మీ మంచం ఆ గది పక్కనుంచి మార్పించమని చెప్పాను. "తాతయ్య ఆ గదిని చూసి బెదిరిపోతున్నారు" అన్నాను. తప్పు చేశాను తాతయ్యా. నాన్న ఎగిరి గంతేసినంత పని చేశారు. "చూశావా! మావయ్యకి చెవుడు కదా. పక్కన బాంబు పేలినా వినపడదు. ఆయనక్కూడా వినపడిందంటే ఇంక అనుమానమేంటే?" అన్నారు. అప్పారావుకి కూడా చెప్పారట. ఇప్పుడు ఊరంతా అదే చెప్పుకుంటోందట.

నేను బాగుచెయ్యబోయి పాడుచేశాను. మీకు కనిపించిందేమిటో నాకు రాయండి. నేను నవ్వను.

కావ్య


ఇంటి దగ్గర,
22 సెప్టెంబరు 2025

కావ్యా,

ఇది మూడుసార్లు రాసి చించాను.

నాకు ఏమీ కనిపించలేదు. ఆ ఆదివారం వక్క కోసింది నేను.

మొదటి నుంచీ రాస్తాను. మూడేళ్ల కిందట అక్కకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అది మీకు తెలుసు. ఎడంచేత్తో కోస్తోందని మీరంతా అనుకున్నారు. ఆమె కొయ్యలేదు. మొదటి రోజే నాతో అంది. "నువ్వు కొయ్యరా ధర్మం. నేను తల ఊపుతాను. సాయికి తెలియనివ్వకు. వాడు నా చేతిని చూసుకుని నిలబడ్డాడు. చెయ్యి పడిపోయిందంటే వాడూ పడిపోతాడు."

అలాగే జరిగింది. ఆమె తల ఊపేది. నేను కోసేవాణ్ణి.

ఆఖరి ఏడాది తల ఊపడం మానేసింది. గోడ వంక చూసేది. నన్ను కూడా పోల్చుకునేది కాదు. మాట మాత్రమే పోయిందని మీరంతా అనుకున్నారు. వసారాలో వాళ్లు కాచుకుని ఉండేవారు. నేను అక్క ముఖం చూసేవాణ్ణి. ముఖంలో ఏమీ ఉండేది కాదు. నాకు తోచినట్టు కోసేవాణ్ణి, లేకపోతే ఊరుకునేవాణ్ణి. మంచినీళ్ల టాంకు నేను కోసింది. సారాకొట్టు నేను ఊరుకుంది. "అమ్మగారి మాటంటే తిరుగులేదండి" అని బయట అంటుంటే లోపల నాకు బాగుండేది. అది కూడా రాయాలి కదా. నలుగురిలో నోరు విప్పలేనివాణ్ణి నేను. సంతలో బేరం చెయ్యలేను. ఊరు నా మాట వినేది.

అక్క పోయింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆ ఆదివారం వసారా కింద చెప్పులు చూశాను. కాళ్లు లోపలికి వెళ్లిపోయాయి. పీట ఖాళీగా ఉంది. నా చోట నేను కూర్చున్నాను. పక్కన ఖాళీ అనిపించలేదు. బయట ఎవరి సంగతి నడుస్తోందో వినపడలేదు. మూడేళ్ల అలవాటు చేతిది. ఒక్క వక్క తెగింది.

అది బుల్లెమ్మ ఇల్లు.

ఇంక నిద్ర లేదు. బుల్లెమ్మ రోజూ పొద్దున్నే వచ్చి అరుగు కింద కూర్చుంటోంది. ఎవర్నీ ఏమీ అడగదు. అమ్మగారు ఎందుకు వద్దనుకున్నారో ఆవిడే చెబుతారని కూర్చుంటోందట. నా చెవులకి ఏ చప్పుడూ రాదు. ఆ ఒక్క చప్పుడే వస్తుంది. నా చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు వస్తుంది. అది నాలోదో, ఆ గదిలోదో నాకు తెలియడం లేదు.

సాయిబాబుకి చెప్పాలని రోజూ లేస్తాను. అక్క మాట అడ్డం వస్తుంది. వాడు ఇప్పుడు నిలబడి తిరుగుతున్నాడు. ఇది చెబితే పడిపోతాడు.

ధర్మరాజు


విశాఖపట్నం,
2 అక్టోబరు 2025

తాతయ్యా,

నాలుగు రోజులు మీ మీద కోపం. అయిదో రోజు ఏడుపు.

ముందు నా సంగతి. నేను ఇక్కడికి వచ్చింది పోయిన ఏడాది ఆగస్టులో. నాన్న వసారాలో కూర్చుని "ఆడపిల్లని అంత దూరం పంపమంటావా అమ్మా?" అని అడిగారు. నేను వంటింట్లో గుప్పిట బిగించుకుని నిలబడ్డాను. అడకత్తెర చప్పుడైంది. వెంటనే కాదు, చాలాసేపటికి. అప్పటికి నానమ్మ గోడ వంక చూస్తున్నారన్నమాట. నన్ను పంపింది ఎవరు తాతయ్యా? ఒక్క మాట రాయండి.

ఇంక బుల్లెమ్మ సంగతి. దీపావళి ఇరవయ్యో తారీకు. సులువైన దారి ఒకటి ఉందని మీకూ తెలుసు. నాన్నచేత ఆ సంగతి మళ్లీ అడిగించి, మీరు లోపల కూర్చుని, ఈసారి కొయ్యకుండా ఉండడం. ఇల్లు నిలుస్తుంది. ఆ ఉపాయం రాద్దామని కలం కూడా పట్టాను.

కానీ వద్దు తాతయ్యా. అలా చేస్తే ఇంక ఎప్పటికీ మీరు ఆ తలుపు వెనకే ఉండిపోతారు. నాన్న తలుపు ముందే ఉండిపోతారు. ఆయనకి యాభై మూడేళ్లు. పడితే పడనివ్వండి, లేస్తారు. మీరు వసారాలోకి వచ్చి మీ నోటితో చెప్పండి. నేను బయల్దేరి రానా? పరీక్షలున్నాయి, అయినా వస్తాను.

కావ్య


ఇంటి దగ్గర,
19 అక్టోబరు 2025

కావ్యా, తల్లీ,

ముందు నీ సంగతి. ఆవేళ అక్క ముఖం చాలాసేపు చూశాను. ఏమీ లేదు. కోశాను. అంకితంలో అక్క పేరే ఉంచు.

నువ్వు రానక్కర్లేదు. అయిపోయింది.

గుడిసె కూల్చే పొక్లెయిన్ ఎప్పుడు తెప్పించాలో అనుకోవడానికి శుక్రవారం పొద్దున్న కూర్చున్నారు. నేను ఉతికిన చొక్కా వేసుకున్నాను. మధ్యగది తలుపు దాటి వసారాలోకి వెళ్లాను. ముప్పై ఏళ్లలో పంచాయతీ వేళ అక్కడికి వెళ్లడం అదే మొదలు. ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. నిలబడ్డాను. అరుగు కింద బుల్లెమ్మ ఉంది.

"ఆవేళ కోసింది నేను" అన్నాను. గొంతు ఎంత పెద్దదిగా వచ్చిందో నాకు తెలియదు. కాకులు లేచిపోయాయి. అందరూ నా వంక చూశారు. మూడేళ్ల సంగతీ చెప్పాను. అక్క చెయ్యి, తల ఊపడం, తల ఊపకపోవడం. బుల్లెమ్మ ఇల్లు తియ్యొద్దన్నాను. అది నా మాట అన్నాను.

అప్పారావు గొంతు పెద్దది. నాకు కూడా వినపడుతుంది. "పెద్దోరు కదండీ. ఆ గదిలో చూసిందానికి మతి చలించింది పాపం. అమలాపురం తీసుకెళ్లమని అమ్మాయిగారు కూడా చెప్పేరంట కదండీ" అన్నాడు. అందరూ జాలిగా తలలూపారు.

సాయిబాబు లేచి నా దగ్గరికి వచ్చాడు. పడిపోతాడని చెయ్యి పట్టుకోబోయాను. వాడే నా చెయ్యి పట్టుకున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పాడు.

"కోసింది మీరే మావయ్యా. కాదనను. మీకు చెవుడు. బయట మేం ఏం అడిగేమో మీకు తెలీదు. అడిగినప్పుడే మీ చెయ్యి ఎలా కదిలింది మరి? మీరు కోసింది వక్క. మాట అమ్మదే. అమ్మ చెయ్యి పడిపోయేక మీ చెయ్యి తీసుకుంది. అమ్మ పోయేక కూడా తీసుకుంటోంది."

నేను కాదన్నాను. "మూడేళ్లూ నేనేరా" అన్నాను. వాడు నా భుజం తట్టాడు. వాడి ముఖం చాలా ప్రశాంతంగా ఉంది, కావ్యా. ఏ భయమూ లేదు.

"మీకు అనుమానం వద్దు. మళ్లీ అడుగుదాం. అమ్మనే అడుగుదాం" అన్నాడు. తలుపు వైపు తిరిగి అడిగాడు. బుల్లెమ్మ ఇల్లు తీసెయ్యమంటావా అని. ఏమడుగుతాడో ముందే నా చెవిలో చెప్పాడు. నేను వసారాలో ఉన్నాను. లోపల ఎవరూ లేరు. మీ అమ్మ పెరట్లో ఉంది.

అందరూ తలుపు వంక చూస్తూ వింటున్నారు. అప్పారావు మెడ చాచి వింటున్నాడు. బుల్లెమ్మ కళ్లు మూసుకుని వింటోంది. నాకు ఏమీ వినపడదు కదా. వాళ్ల ముఖాలు చూస్తూ నిలబడ్డాను. చప్పుడవుతోందో లేదో నాకు తెలియదు. గడియారం పావుగంట తిరిగింది. నా కుడిచేతిని ఎడంచేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నాను.

అప్పుడు సాయిబాబు తీర్మానం కాగితం తీసి నిలువునా చించాడు. "అమ్మ వద్దంది" అని నా చెవిలో అరిచాడు. అప్పారావు తలుపు వైపు దణ్ణం పెట్టి చెప్పులు వేసుకున్నాడు.

బుల్లెమ్మ ఇల్లు నిలిచింది. తొమ్మిది చెట్లూ ఉన్నాయి. అది నీకు తెలియాలని రాస్తున్నాను. నేను నోరు విప్పి చెప్పాను. అది కూడా నీకు తెలియాలి. నా మాట ఎవరూ వినలేదు.

ఇవాళ పొద్దున్న బుల్లెమ్మ గెల దింపించి నాలుగు బొండాలు పట్టుకొచ్చింది. మధ్యగదిలోకి వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. నేను ఎదురెళ్లి చేతులు చాచాను. ఇవ్వలేదు.

"నేను చెప్పింది విన్నావా బుల్లెమ్మా" అన్నాను.

నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. "ఆయ్, విన్నానండి. మీరు మా మంచోరు. అమ్మగారి మీద మాట పడకుండా అంతా మీ మీద ఏసుకున్నారు."

తరవాత కొంగు సర్దుకుని అంది.

"కాస్త పక్కకి జరగండి బాబుగారూ. అమ్మగారికి అడ్డంగా ఉన్నారు."

జరిగాను.

ధర్మరాజు